రైలు దిగి, రేవు దిగి, ఫోటో దిగి

మా ఇంటి ఆల్బములో తొమ్మిదవ చిత్రము రెండుంబావు అంగుళముల చదరము. అందులో మా అమ్మ కాశీలో కేదారఘట్టపు మెట్లమీద, మోకాళ్లపై చేతులుంచుకొని, ఎండకు కళ్లు చికిలించి కూర్చుండి యున్నది. ఆమె వెనుక నిలువు చారలుగల ఎత్తైన గోడ, ఎడమప్రక్క మెట్ల నడుమ ఒక చిన్న కుండము యొక్క గట్టు, ఆ గట్టుమీద ఆరవేసిన చీర కొంగు, అడుగున మెట్లమీద కుడివైపునకు ఒరిగిన పొడవాటి నల్లని మరక. ఇంతకుమించి ఆ చిత్రమున మరేమియు లేదు. నల్లని అట్టమీద తెల్లపెన్సిలుతో మా నాన్నగారు వ్రాసినది ఒక్క పంక్తి: కాశి, కేదారఘట్టము, 1976 మాఘము, ఉదయము. బాల్యమునుండి ఆ చిత్రమును ఎన్నిమారులు చూచితినో లెక్కలేదు. ఎన్నిమారులు చూచినను ఆ మరక ఏమిటో నేను అడుగలేదు, ఎవరును చెప్పలేదు.

నాన్నగారి యొద్ద నుండినది అగ్ఫా క్లిక్ 3 కెమెరా. దానిలో 120 నంబరు రీలు వేసినచో వచ్చునవి పండ్రెండు చిత్రములు, పదమూడవది లేదు. ఎండకు ఒక గుర్తు, మబ్బునకు ఒక గుర్తు, అంతటితో ఆ యంత్రములోని శాస్త్రము ముగియును. వెనుకప్రక్కనున్న ఎర్రని గవాక్షములో అంకె కనబడువరకు మర త్రిప్పుట, ఊపిరి బిగబట్టి మీట నొక్కుట, మరల మర త్రిప్పుట, ఇంతియే పని. రీలు ఊటీలో 1960లో స్థాపితమైన హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వారి ఇందు రీలు. ప్రయాగకు, కాశికి, గయకు కలిపి ఆ పండ్రెండే గనుక నాన్నగారు బయలుదేరుటకు ముందే పంపకము చేసికొనిరట: ప్రయాగలో రెండు, కాశిలో ఎనిమిది, గయలో ఒకటి. రీలు పూర్తికానిదే స్టూడియోలో కడుగుటకు ఇచ్చుట వృథావ్యయము గనుక, ఇల్లు చేరిన మరునాడు, అరుగుమీద పెట్టిన గంగచెంబుల ప్రక్కన నన్నును మా చెల్లెలిని నిలువబెట్టి పండ్రెండవది తీసిరి. అందుచేత మా ఇంట కాశీయాత్ర యొక్క కడపటి దృశ్యము మా వీధి అరుగే.

వానిలో అయిదవది పాడైపోయినది. దశాశ్వమేధఘట్టమున తీసిన చిత్రమట. రీలునకు ఎక్కడనో వెలుతురు తగిలి, కాపీ అంతయు తెల్లగా మాసిపోయి వచ్చినది. మరియొకరైనచో పారవేసి యుందురు. నాన్నగారు ఆ తెల్లని చదరమును దాని స్థానముననే అంటించి, దాని క్రింద నాలుగు పంక్తులలో తాము ఆనాడు అక్కడ చూచినది వ్రాసిపెట్టిరి: వెదురుగొడుగులు ఎన్ని వరుసలుగా నుండినవో, పడవవాడు ఎంత అడిగెనో, ఒక వృద్ధుడైన పండా తమ ఊరిపేరు విని ఎట్లు తెలుగున పలుకరించెనో. నేటికిని ఆ ఆల్బమును చూచువారందరు ఆ పుటయొద్దనే ఎక్కువసేపు ఆగుదురు.

తెలుగున 'దిగు' అను క్రియ యొకటి యున్నది. రైలు దిగుదుము. సత్రములో దిగుదుము. రేవులో దిగుదుము. ఫోటోయు దిగుదుము. తీయువాడు తీయును, ఎవరి రూపము పటములో నిలుచునో వారు దిగుదురు. ఛాయాగ్రహణము మన దేశమునకు వచ్చిన కొత్తలో, స్టూడియోలో తెరముందు కుర్చీవేసి కూర్చుండబెట్టిన మనిషి తన రూపమును ఒక లోతైన వస్తువులోనికి విడుచుచున్నట్లు ఎవరికి తోచెనో గాని, ఆ మాటను పుట్టించినవాడు నా దృష్టిలో గొప్ప ద్రష్ట. రైలు దిగినంతనే ఫోటో దిగుట సాధ్యమే. నేడు అందరమును చేయుచున్నది అదియే. కాని నడుమనున్న రెండును, బసలో దిగుటయు నీటిలో దిగుటయు, దాటవేసి తీసిన చిత్రములు ఇంటికి వచ్చిన తరువాత ఎంత వెదకినను ఏ ఊరివో చెప్పజాలక మూగవోవుట నేను నా అనుభవమున ఎరుగుదును. పూరీలోను, ఉజ్జయినిలోను, మైసూరులోను నేను తీసిన వందల చిత్రములు అట్టివే. ఈ మాఘమున నా భార్యతో కాశికి బయలుదేరునపుడు, ఆల్బమునుండి తొమ్మిదవదానిని, ఏడవదానిని జాగ్రత్తగా ఊడదీసి ఒక పుస్తకములో పెట్టుకొని పోతిని.

మొగల్‌సరాయి దాటిన తరువాత రైలు గంగమీది వంతెన యెక్కును. ఆ స్టేషను పేరు 2018లో మారినను మా అమ్మ నోట నేటికిని అది మొగల్‌సరాయే. 1887లో కట్టిన ఆ వంతెనకు మొదట డఫ్రిన్ ప్రభువు పేరు, పిమ్మట మాలవీయుని పేరు. పైయంతస్తున బండ్లు, క్రిందియంతస్తున రైళ్లు పోవును. ఎడమవైపు కిటికీలోనుండి చూచినచో, నెలవంకవలె వంగిన గంగయు, దాని పడమటి ఒడ్డున మెట్లును, గోపురములును, మేడలును అన్నియు ఒకే చూపులో కనబడును. పెట్టెలోనివారందరు లేచి ఫోనులు పట్టుకొనిరి. ఇనుపదూలములు క్షణమునకొకటి అడ్డు వచ్చుచుండగా ప్రతి చిత్రమును ఏదో యొక దూలముచేత రెండుగా తెగిపోవుచుండెను. కన్ను ఆ తునకలనన్నిటిని కూర్చుకొని ఒక్క నగరముగా చూడగలదు, ఫోను చూడలేదు. నేను నాణెములు నీటిలోనికి విసరి ఊరకుంటిని. అది నా యాత్రలో నేను తీయని మొదటి చిత్రము. నా మనసులో నేటికిని చెక్కుచెదరక యున్నది అదియే.

కాశిలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయవలెనని మన తెలుగువారిలో ఒక నియమము కలదు. దాని ఆధ్యాత్మికఫలము పెద్దలు చెప్పుదురు. చిత్రములు తీయువానికి దానివలన కలుగు ఫలమును గూర్చి నేను చెప్పగలను. మొదటి రెండుదినములు ఫోను సంచిలోనుండి తీయలేదు. సత్రమునుండి ఘట్టమునకు, ఘట్టమునుండి విశ్వేశ్వరునకు, అన్నపూర్ణకు, కాలభైరవునకు, గవ్వలమ్మకు ఉత్త చేతులతో నడచితిని. రెండవనాటి సాయంకాలమునకు ఏ సందున ఎద్దు పండుకొనునో, ఏ మలుపున పాలు మరగు వాసన వచ్చునో, ఏ మెట్టు జారునో కాళ్లకు తెలిసివచ్చెను. మూడవనాడు ఫోను చేతబట్టినపుడు, ఏది తీయవలెనను ప్రశ్న లేకుండెను. ఏది విడువవలెనను ప్రశ్నయే మిగిలెను.

కెమెరా లేని కాలమున కాశికి పోయిన తెలుగువాడు ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసిగా నుండిన ఆ మహనీయుడు 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరెను. తిరుపతి, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, జబల్పూరు, ప్రయాగ, కాశి, గయ, కలకత్తా, జగన్నాథము, అటునుండి సముద్రతీరపు బాట. ఇన్నిటను ఆయన చేసిన పని ఒక్కటే: ఏ ఊరికి దారి ఎట్లున్నదో, బసకు తావు కలదో లేదో, నీరెట్టిదో, అంగడిలో ఏమేమి దొరకునో నాటికి నాడు వ్రాసిపెట్టుట. ఆ వ్రాత 'కాశీయాత్ర చరిత్ర' యను పేర 1838లో చెన్నపట్టణమున అచ్చుపడెను. ఆయన బయలుదేరిన సంవత్సరమువరకు కాశిలో టంకశాల ఉద్యోగిగా నుండిన జేమ్స్ ప్రిన్సెప్ తాను గీసిన కాశీచిత్రములను ఆ దశాబ్దపు తొలియేండ్లలో ప్రకటించెను. ఒకడు పెన్సిలుతో, ఒకడు కలముతో, ఇంచుమించు ఒకే కాలమున, ఒకే ఊరిని నిలిపిరి. ప్రిన్సెప్ బొమ్మలలో ఘట్టములు కనబడును. వీరాస్వామయ్య వ్రాతలో, ఆ ఘట్టములయొద్దకు అలసి చేరిన మనిషికి ఏమి కావలసి యుండెనో అది కనబడును. సొంతముగా తీసికొను యాత్రాచిత్రము ఈ రెండవదానికి చుట్టము కావలెనని నా నమ్మకము. ఘట్టముల అందమును మనకన్న నేర్పుగా తీసినవారు కోకొల్లలు. మన అలసటను తీయగలవారము మనమే.

వీరాస్వామయ్య గ్రంథము అచ్చుపడిన 1838లోనే, పారిసు నగరమున లూయీ డాగేరు తన కిటికీలోనుండి ఒక రాజవీథిని వెండిపూత గల రాగిరేకుమీద పట్టెను. ఆ రేకుమీద వెలుతురు కొన్ని నిమిషములు నిలుచుట అవసరమైనందున, వీథిలో పోవుచుండిన బండ్లుగాని, గుఱ్ఱములుగాని, జనసమూహముగాని అందు పడలేదు; కదలుచున్నదెల్ల కరగిపోయినది. స్పష్టముగా మిగిలినవాడు ఒక్కడు. మూలమీద నిలిచి బూటు తుడిపించుకొనుచు, ఒక కాలు ఎత్తిపెట్టి, ఆ కొన్ని నిమిషములు కదలక నిలిచినందున ఆ అజ్ఞాతుడు నగరచిత్రములలో కనబడిన తొలి మనుష్యులలో ఒకడయ్యెను. దిగుట యనగా నిలుచుట యని ఆ రేకు చెప్పుచున్నట్లు నాకు తోచును.

తరువాతి కథ తెలిసినదే. గాజుపలకను మందులలో ముంచి తడియారకముందే చిత్రము తీసి కడుగవలసిన రోజులలో చీకటిగుడారమును వెంట మోయించుకొని ప్రయాణములు చేసిరి. 1888లో ఈస్ట్‌మన్ నూరు చిత్రముల రీలు నింపిన కొడాక్ పెట్టెను తెచ్చి, నూరును తీసిన పిదప పెట్టెను పెట్టెగానే కర్మాగారమునకు పంపుడనెను. 1900లో ఒక్క డాలరుకు బ్రౌనీ వచ్చి పిల్లలచేతికిని కెమెరా నిచ్చెను. నూరు పండ్రెండుగను, పండ్రెండు ముప్పదియారుగను, ముప్పదియారు లెక్కలేనంతగను మారినవి.

ఇక వెలుతురు. కాశిలో గంగ ఉత్తరముగా పారును. ఊరంతయు పడమటి ఒడ్డున. ఆవలియొడ్డు ఉత్త ఇసుక. అందుచేత ఉదయించు సూర్యునికిని మెట్లకును నడుమ ఒక చెట్టుగాని, ఒక మేడగాని అడ్డము లేదు. తొలియెండ నీటిమీదుగా వచ్చి, అడుగుమెట్టునుండి పైమెట్టువరకు ఒక్కమారుగా పసుపు చల్లినట్లు పడును. నేడు ఘట్టమునకు వచ్చిన యాత్రికులలో ఎక్కువమంది నీటికి వీపుపెట్టి, గంగయు సూర్యుడును తమ వెనుక కనబడునట్లు నిలిచి చిత్రములు తీసికొనుచున్నారు. ఆకాశము వెలిగిపోవును, మనిషి ముఖము మసిబొగ్గగును. మూడుదినములు నేనా ముఖములను చూచుచు ఎంతో బాధపడితిని, ఏలయన వారిలో జీవితమున ఒక్కమారే కాశికి రాగలవారు ఎందరో. తీయువాడు నీటివైపున నిలిచి, దిగువారిని మెట్లవైపున, సూర్యునికి ఎదురుగా కూర్చుండబెట్టవలెను. కళ్లు చికిలించుట తప్పదు. కాని ముఖమున ప్రతి రేఖయు, ముక్కుపుడకయొక్క మెరుపుతోసహా, నిలుచును. ఎండగుర్తు, మబ్బుగుర్తు తప్ప మరేమియు లేని పెట్టెతో నాన్నగారు 1976లో చేసినది ఇదియే.

సందులలో లెక్క వేరు. అచట ఇద్దరు ఎదురుపడినచో ఒకరు గోడకంటుకొనవలెను. రెండుప్రక్కల మూడంతస్తుల ఇండ్లు. పైన ఆకాశము ఒక పట్టెడంత. ఉదయమున, సాయంకాలమున అచట మసకచీకటియే. బయలునందు పనికిరానిదని అందరును చెప్పు మిట్టమధ్యాహ్నమే సందునకు సుముహూర్తము: ఆ ఒక్కగంటసేపు ఎండ అడుగువరకు దిగి, నేలరాళ్లమీద పడి, అచటినుండి గోడలమీదికి పైకెగసి, గుమ్మములలో కూర్చున్నవారి ముఖములను క్రిందినుండి మెత్తగా వెలిగించును. ఈ సంగతి నేను నాలుగవనాడు ఎండ తాళలేక ఒక ఇంటి చూరుక్రింద నిలిచినపుడు తెలిసికొంటిని. ఎదురుగుమ్మమున ఒక వృద్ధురాలు చాటలో బియ్యము ఏరుచుండెను. చాటనుండి లేచిన తెల్లని వెలుగు ఆమె గడ్డమువరకు ప్రాకి ఆగినది. నేను ఫోను చూపి కనుబొమలెత్తితిని. ఆమె తల అడ్డముగా నూపినది. ఆ వెలుగు నాయొద్ద లేదు, ఇచట వ్రాయుటకు తప్ప.

అడుగుట యనగా నోటితోనే అడుగనక్కరలేదు. కనులు కలియువరకు ఆగుట, కలిసిన తరువాత ఫోనును కనబడునట్లు పట్టుకొనుట చాలును. వలదన్నవారియొద్ద మరల అడుగరాదు. ఆకుదొన్నెలలో దీపములు అమ్ము ఒక స్త్రీ, నేను ఫోను బయటికి తీసిన మొదటినాడు, కొంగు ముఖమునకు అడ్డము పెట్టుకొనినది; నేను ఫోను దించి ఒక దీపము కొని విడిచి పోతిని. ప్రతి సాయంకాలమును ఆమెయొద్దనే దీపము కొనుచుంటిని. ఆరవనాడు ఆమెయే పిలిచి, తన మనుమని ఒడిలో కూర్చుండబెట్టుకొని, తీయుమని సైగ చేసినది. గోదౌలియా కూడలియొద్ద ఒక దుకాణమున దానికి కాపీ తీయించి మరునాడు ఇచ్చితిని. ఆమె దానిని చూచి నవ్వలేదు. చీరకొంగుతో తుడిచి, దీపముల గంప అడుగున, వత్తులచుట్టల క్రింద, తడి తగులనిచోట పెట్టుకొనినది. మనము తీసికొనిపోయిన చిత్రములన్నిటికిని ఆ ఊరికి తిరిగి ఇచ్చినవి ఎన్ని యని ప్రతివాడును లెక్క చూచుకొనుట మంచిది.

తీయరానివి కలవు. మణికర్ణికలోను, హరిశ్చంద్రఘట్టమునను చితులు రేయింబవళ్లు మండుచుండును. పడవవారు అచటికి వచ్చునపుడు ఫోనులు దింపుమందురు. కొందరు దింపుదురు, కొందరు పొగవంక చేయి చాచియే యుందురు. ఎవరో యొకరి తండ్రి, ఎవరో యొకరి భార్య అచట ఉన్నారను తలంపు ఒక్కక్షణము కలిగినచో ఆ చేయి తనంతనే దిగును. కేదారఘట్టమునకు దక్షిణమున కూతవేటు దూరములోనే హరిశ్చంద్రఘట్టము. నాన్నగారు ప్రతిదినమును అచటివరకు నడచిపోయెడివారని అమ్మ చెప్పును. పండ్రెండింటిలో దాని చిత్రము లేదు. కాశికి పోయినవారు తమకు ఇష్టమైన ఒక పండును, ఒక కూరను అచట విడిచివచ్చుట మన ఆచారము. అమ్మ జామపండును విడిచినది, నేటివరకు ముట్టలేదు. యాత్రికుడు ఒక చిత్రమునుగూడ అట్లే విడిచి రావలెనని నాకు అనిపించినది. విడువదగినది పనికిరానిది కాదు, తీయవలెనని మనసు పడినదే. విశ్వేశ్వరుని ఆలయమున ఈ విడుపు మన ఇష్టముమీద లేదు. ఫోనులు బయటనే అప్పగించి పోవలెను. ఏ దేవునికొరకు అంతదూరము పోయితిమో ఆ దేవుని చిత్రము ఎవరి ఫోనులోను ఉండదు. లింగముమీద పాలు జారుచుండగా నా ముందువాని భుజముమీదుగా చూచిన ఆ అరక్షణము అందుచేతనే కాబోలు అంత స్పష్టముగా నిలిచియున్నది.

ఆల్బములోని ఏడవ చిత్రము ఒక సందు. దానిక్రింద నాన్నగారు వ్రాసినది: లలితాఘట్టమునకు పోవు సందు, మధ్యాహ్నము. ఇత్తడిచెంబులు వ్రేలాడదీసిన ఒక అంగడి, చెక్కడపుగడపగల ఒక తలుపు, తలుపుముందు కూర్చున్న బాలుడొకడు. విశ్వనాథాలయమునుండి గంగవరకు విశాలమైన మార్గము నిర్మించుటకై ఆ ప్రాంతమున వందలకొలది కట్టడములను తొలగించి, 2021 డిసెంబరు 13న ఆ నూతన ప్రాంగణమును తెరచిరి. నేడు అచట వృద్ధులు, వికలాంగులు సుఖముగా నడచిపోవుచున్నారు; అది మేలే. ఆ సందుమాత్రము లేదు. చిత్రమును చేతబట్టుకొని దగ్గరి అంగళ్లలో అడుగగా, ఇత్తడిసామాను అమ్ము ఒక వృద్ధుడు కళ్లద్దములు పెట్టుకొని, దానిని వెలుతురువైపు త్రిప్పి చాలసేపు చూచెను. ఇటువంటి గడపలు ఆ ప్రాంతమున మూడుచోట్ల ఉండెడివనియు, ఇది ఏదియో తాను నిశ్చయముగా చెప్పలేననియు అనెను. పిమ్మట లోపలినుండి కుమారుని పిలిచి, ఆ చిత్రమును ఫోనులోనికి తీసికొనుమని చెప్పెను. కుమారుడు తీసినపిదప, వృద్ధుడు మరల దానిని నాయొద్దనుండి తీసికొని, ఆ బాలుని ముఖముమీద వ్రేలుంచి ఏమియు పలుకక కూర్చుండెను. మా నాన్నగారు చరిత్రకారులు కారు. ఇత్తడిచెంబులమీది ఎండ బాగున్నదని మీట నొక్కిరి. పండ్రెండింటిలో ఒకటి వ్యయముచేయుటకు ఆయన ఎంత ఆలోచించి యుందురో నేను ఎరుగుదును.

తొమ్మిదిదినములకు నాయొద్ద తేలినవి నూటనలువది చిత్రములు. వానిలో ఇరువదినాలుగు ఉంచుకొంటిని. ఉంచుకొన్నవానిలో దేవాలయశిఖరములు రెండే; తక్కినవి సత్రపు గదికిటికీలోనుండి కనబడు పావురముల గూడు, మట్టిముంతలోని తేనీటిమీది మీగడ, చలికి చెవులకు గుడ్డ చుట్టుకొని తెడ్డు వేయుచున్న పడవవాని చేతులు, వలసవచ్చిన తెల్లని పక్షులకు కారప్పూస విసరుచు తన్ను తాను మరచిన నా భార్య, ఇట్టివి. ఫోను ప్రతిచిత్రమునకు వేళను, స్థలమును తానే గుర్తుంచుకొనును. ఆ వేళ ఏమి మాటలాడుకొంటిమో గుర్తుంచుకొనదు. ఇంతకుముందు చెడిపోయిన రెండు ఫోనులతో నా పూరీయాత్ర సమస్తమును పోయినది. నాన్నగారి కాగితపు చదరములు యాబదియేండ్లనుండి చెక్కుచెదరలేదు. అందుచేత ఇరువదినాలుగింటిని కాపీలు తీయించి, వెనుక పెన్సిలుతో వ్రాసి, పెట్టెలో పెట్టితిని. సిరా కాలక్రమమున ముందుప్రక్కకు ఊరును, పెన్సిలు ఊరదు.

ఎనిమిదవనాటి ఉదయమున కేదారఘట్టమునకు పోతిమి. తొమ్మిదవ చిత్రమును చేతబట్టుకొని చూచితిని. మొట్టమొదట నన్ను ఆశ్చర్యపరచినది గోడ. బాల్యమునుండి నా కన్నులలో ఆ చారలు బూడిదరంగువి. ఎదుట నిలిచిన కేదారేశ్వరుని ఆలయపు గోడ ఎరుపు, తెలుపు. నలుపుతెలుపు రీలు ఎరుపును బూడిదగా చూపునని పుస్తకములలో చదివినదే, కాని ఆ క్షణమున ఎవరో నా అమ్మ వెనుకనుండి ఒక తెర తొలగించినట్లైనది. మెట్లనడుమ గౌరీకుండము గట్టు చిత్రములోనున్నట్లే యున్నది. దానిని ఆనవాలుగా పెట్టుకొని, అమ్మ కూర్చున్న మెట్టును పోల్చి, అచట నా భార్యను కూర్చుండబెట్టితిని.

తరువాత పని కుదురలేదు. మెట్లమీద ఎక్కడ నిలిచినను గోడ అంతయు పట్టదు. పట్టినచో కుండము ఎడమకు తప్పిపోవును. ఒక మెట్టు దిగితిని, మరియొకటి దిగితిని, కడపటి పొడిమెట్టుమీద నిలిచితిని. చిత్రములోనికన్న ఆమె ఇంకను పెద్దగానే కనబడుచున్నది. గంగ ఏటేట పెరిగి తరుగుచు, ఒండ్రు పేర్చుచు, మెట్లలెక్క మార్చుచుండును గనుక సరిగా ఆ చోటు దొరకదని విడువబోయితిని. నా భార్య పైనుండి, "ఇంకొంచెం వెనక్కి వెళ్లి చూడండి" అన్నది. వెనుక నున్నది నీరు. చెప్పులు విడిచి, పంచె మోకాళ్లవరకు ఎగగట్టి, మాఘమాసపు గంగలో రెండు మెట్లు దిగితిని. చలి ఎముకలోనికి పోయినది. ఫోను ఎత్తి చూచితిని: గోడ, కుండము, మనిషి, అన్నియు ఎవరి చోట వారు వచ్చి నిలిచిరి. అప్పుడే సూర్యుడు మంచులోనుండి బయటపడి నా వీపుమీద వెచ్చగా తగిలెను. నా నీడ నీటిమీద ముక్కలై, మెట్లమీదికెక్కి, మాఘమున సూర్యుడు కొంత దక్షిణముగా ఉదయించును గనుక కుడివైపునకు ఒరిగి, ఆమె పాదములయొద్ద ఆగెను. చిత్రములోని మరకయు సరిగా అచటనే యున్నది. ఆ పండ్రెండింటిలో ఎక్కడను కనబడరని నేననుకొన్న నాన్నగారు యాబదియేండ్లుగా ఆ మెట్లమీద పడియే యున్నారు.

ఆ చిత్రమును అచటినుండియే మా చెల్లెలి ఫోనునకు పంపితిని. కొంతసేపటికి అమ్మ పలికినది. కోడలి చీర బాగున్నదనలేదు, కేదారేశ్వరుని దర్శనమైనదా అని అడుగలేదు.

"నువ్వు కూడా నీళ్లలో దిగే తీశావా నాయనా?" అన్నది.

"దిగే తీశానమ్మా."

"మీ నాన్నగారు కాళ్లు కొంకర్లు పోయాయని సత్రానికొచ్చిందాకా అంటూనే ఉన్నారు. ముందు పైకి రా, కాళ్లు తుడుచుకో."